ఉడుంపట్టు

పదహారంటోంది. మళ్ళీ పదహారే. నాలుగు ర్యామ్ పట్టీలు కళ్ళెదురుగా తమ తమ గాడుల్లో బుద్ధిగా నిలబడి ఉన్నాయి, ఒక్కొక్కటీ ఎనిమిది జీబీ, నాలుగెనిమిదులు ముప్పైరెండని ఎక్కాలొచ్చిన ఏ పిల్లనడిగినా చెబుతుంది, ఈ తెర మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పదహారు దగ్గరే కూర్చుంది. మిగతా పదహారూ ఏం చేశావే తల్లీ, మింగేశావా, అని ఆయన పళ్ళ బిగువున అడిగాడు. పక్కగదిలో భార్య ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంది కాబట్టి గొంతెత్తడానికి లేదు, మనసారా ఓ తిట్టు తిట్టుకునే యోగం కూడా లేని మధ్యాహ్నం ఇది. కూతురి గది, కూతురి బల్ల, బల్ల మీద కూతురి కంప్యూటరు పక్కకి ఒరిగి, పక్క రేకు ఊడి, పేగులన్నీ బయటపెట్టుకుని. నాలుగింటికల్లా వచ్చేస్తానంది పిల్ల. ఆరింటికి గడువు. ఆరులోగా ఆ వాన వెళ్ళిపోవాలి. వానంటే బొమ్మ వాన. ఒక వీధి, వీధి నిండా గొడుగులు, గొడుగుల మీద పడి చిట్లే చుక్కలు, ఓ నిమిషం పాటు కదిలే బొమ్మ, అది నచ్చితే బొమ్మల సినిమాలు తీసే కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తారట. వానకి ఉద్యోగమేమిటని మొదట్లో నవ్వాడు గాని, కిందటిసారి ఇదే కంపెనీకి గడువు దాటాక పంపిందని వాళ్ళు తెరిచి కూడా చూడలేదు, ఆ వారమంతా పిల్ల కంచంలో అన్నం కెలికింది తప్ప తినలేదు, అది చూశాక నవ్వడం మానేశాడు. ఈసారి అందుకే కొత్తగా రెండు పట్టీలు తెచ్చి తనే పెట్టుకుంది. ముప్పైరెండూ ఉంటే గాని వాన కురవదట. సగం మెమరీతో అయితే వీధి వస్తుంది, గొడుగులొస్తాయి, తొలి చుక్క పడబోయే సమయానికి అంతా బిగుసుకుపోతుంది.

పొద్దున అలాగే బిగుసుకుపోయింది. ఆఫీసుకి టైమైపోతూ, చెప్పుల్లో ఒక కాలు పెట్టి, పిల్ల చెప్పిన మాట ఇదీ: "సగం మెమరీ కనపడట్లేదు. దుమ్ము పట్టుంటుంది. సాయంత్రం వచ్చి నేను చూసుకుంటా. నువ్వు మాత్రం ముట్టుకోకు నాన్నా." దుమ్ము! ఎక్కడుంది దుమ్ము? ఆ మాట విన్నప్పుడు ఆయన నోటిదాకా వచ్చింది, దుమ్మెక్కడుందే, నిన్నే కదా నేను మూలమూలా తుడిచానని, వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే నిన్న కూడా ముట్టుకోవద్దనే చెప్పింది, మొన్న కూడా, అసలు ఆ కంప్యూటరు ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ చెబుతూనే ఉంది. తేలు కుట్టిన దొంగలా నించుని సరే అన్నాడు. సరే అని, పిల్ల మెట్లు దిగిన చప్పుడు ఆగీ ఆగకముందే స్క్రూడ్రైవరు తీశాడు. మరేం చెయ్యమంటారు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంటారా, బస్సు డిపోలో ఒక జీవితకాలం పనిచేసిన చేతుల్ని?

నిన్న దాని గోల వినలేకపోయాడు, అదీ సంగతి. ఫ్యాను ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఊఁ అని మూలుగుతుంది, పిల్ల చెవులకి ఏవో తగిలించుకుని పని చేసుకుంటుంది, ఆ మూలుగు వినాల్సింది హాల్లో కూర్చున్న ఆయనే. రోగం వచ్చిన బండిని పక్కన పెట్టుకుని పేపరు చదవడం ఎలా? పిల్ల బయటికెళ్ళిన కాసేపట్లో రేకు విప్పి, రంగులేసే మెత్తటి కుంచెతో, సైకిల్ పంపుతో, ఎంత ఓపికగా దులిపాడో. ప్రాసెసర్ మీద కూర్చున్న ఆ బరువైన కూలర్ని ఫ్యానుతో సహా ఊడదీసి, కింద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు గీకేసి, కంప్యూటరుతో వచ్చిన డబ్బాలో మిగిలిన ట్యూబులోంచి బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి, మళ్ళీ అమర్చి, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, ఎదురెదురు మూలలు, చక్రానికి బిగించే పద్ధతే, అవి ఆగేదాకా తిప్పి, ఆగిన తర్వాత ఇంకో పట్టు. సాయంత్రం పిల్ల దాన్ని ఆన్ చేస్తే మూలుగు లేదు. ఏమిటీ, ఇవాళ నోరు మూసుకుందే, అంది తనలో తను. ఆయన పేపరు వెనకాల మీసంలో నవ్వుకున్నాడు. వాన జోలికి వెళ్ళలేదు కాబట్టి నిన్న రాత్రి దాకా పిల్లకి తెలియలేదు. పొద్దున లేచి వాన మొదలుపెడితే తెలిసింది.

ఆగిన తర్వాత ఇంకో పట్టు. అది మేస్త్రి మాట. డిపోలో చేరిన కొత్తలో ఆయన్ని చక్రాల పనిలో వేసుకున్న మేస్త్రి, బొద్దు మనిషి, మాట్లాడితే సగం మాట మీసాల్లోనే ఉండిపోయేది, "నట్టు ఆగిందంటే నువ్వు ఆగమని కాదురా, అప్పుడు మొదలవుతుంది నీ పని" అనేవాడు. ఆ మాట ఎముకల్లోకి దిగింది మాత్రం ఇంకోనాడు, పక్క షెడ్డులో ఎవరో తొందరపడి నట్లు సరిగ్గా బిగించకుండా వదిలేసిన బస్సు గేటు దాటి, వంపు తిరిగి, ఏటవాలు రోడ్డెక్కాక, వెనక చక్రం ఒకటి బస్సుని వదిలేసి తన దారిన తను పోయింది. ఆయన గేటు దగ్గర నించుని చూశాడు. బస్సు ఓ పక్క కుంటుతోంది, చక్రం మాత్రం ఎంతో పనున్నట్టు దొర్లుకుంటూ, ఎవరినీ తాకకుండా, టీ కొట్టు బల్ల కింద దూరి పడుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. టీ కొట్టువాడు కూడా నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఆ బస్సు నిండా జనం, కిటికీ పక్కన ఒడిలో పసిబిడ్డతో ఒకావిడ, చక్రం పోయిందని ఇంకా తెలియని మొహంతో కూర్చుంది, ఆ మొహం ఇప్పటికీ కళ్ళు మూస్తే కనిపిస్తుంది. ఆ తర్వాత ఆయన చేతి కింద నుంచి వెళ్ళిన చక్రం ఒక్కటంటే ఒక్కటి వదులవలేదు. డిపోలో అందరూ ఆయన్ని ఉడుం అనేవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళకి అసలు పేరు తెలిసేది కాదు. ఉడుం బిగించాడా, అయితే పంక్చరైనప్పుడు విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి, అని డ్రైవర్లు ఏడ్చేవాళ్ళు. ఏడవనీ, అనుకునేవాడు. ఏడ్చేవాడు బతికున్నట్టే కదా.

బతికున్నట్టే. ఇదీ బతికే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, మాట మాత్రం పదహారు. ఫోన్లో వీడియో మనిషి పొద్దున్నుంచీ ఒకటే చెబుతున్నాడు, పట్టీలు తీసి రబ్బరుతో తుడవండి, ఆ బంగారు రంగు పళ్ళున్నాయే, పెన్సిల్ గీత చెరిపే రబ్బరుతో, మెల్లగా. తుడిచాడు. పిల్ల డ్రాయరు వెతికి చిన్నప్పటి రబ్బరు సంపాదించి, నాలుగూ తళతళలాడేలా. పదహారు. ఒక్కొక్క పట్టీ ఒంటరిగా పెట్టి చూడండి అన్నాడు. పెట్టాడు. ఈ వైపు రెండు గాడుల్లో ఏది పెట్టినా హాజరు పలుకుతుంది, ఆ వైపు రెండు గాడుల్లో ఏది పెట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు, అంటే పట్టీల్లో తప్పు లేదు, ఆ వైపుకే ఏదో అయింది. ఏమైంది? అది చెప్పడు వీడియో మనిషి. సెట్టింగులకెళ్ళి ఓ గడిలో టిక్కు తీసేయమంటాడు. అక్కడ టిక్కే లేదు, లేని టిక్కు ఎక్కణ్ణుంచి తియ్యను రా నాయనా. కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేస్తే ముందు పాట వినిపించి, ఆ తర్వాత ఒక గొంతు తీపిగా, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి సార్ అంది. పొద్దున్నుంచీ చేస్తోంది అదేనమ్మా. అయితే ఇంకోసారి చెయ్యండి సార్. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఇంకోసారి చేశాడు. పదహారు.

మంచినీళ్ళు తాగుదామని వంటింట్లోకెళ్ళి చప్పుడు కాకుండా గ్లాసు తీసుకున్నాడు, వంటింటి గట్టు మీద డబ్బాలన్నీ వరసగా, మూతలు సగం సగం తెరిచి ఉన్నాయి. అది భార్య ఏర్పాటు. పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం డిపో నుంచి వచ్చేసరికి ఆవిడ పంచదార డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఏమైందంటే, మూత రావట్లేదండీ, అంది. అప్పటినుంచీ ఆయన ఇంట్లో లేకుండా పోయే ముందు డబ్బాలన్నీ ఒకసారి వదులు చేసి పోవడం ఒక పనైంది, తర్వాత తర్వాత ఆవిడ తెలివిమీరి మూతలు ఆయన చేతికి చిక్కకుండానే దాచేది. ఈ ఇంట్లో కుళాయిలు తిప్పాలంటే పూర్వజన్మ పుణ్యం ఉండాలి, అని చుట్టాల దగ్గర వెక్కిరించేది. కుళాయి కారదు కదా, అనేవాడు. కారదు, నీళ్ళూ రావు, అనేది ఆవిడ. నీళ్ళు తాగి గ్లాసు పెట్టబోతే చెయ్యి దానంతటదే పక్కనున్న పంచదార డబ్బా మూత మీదకి పోయింది, బిగించేసి, బిగించానని కూడా తెలియకుండా గదిలోకొచ్చి కూర్చున్నాడు.

పిల్ల సైకిల్ కూడా అలాగే. దాని స్కూలు సంచి పట్టీలు, బూట్ల లేసులు, నీళ్ళ సీసా. ఆ సీసా మూత బళ్ళో డ్రిల్లు మాస్టారు విప్పిపెట్టేవాడట. ఇక జడలు. భార్యకి ఉదయం డ్యూటీ పడిన వారాల్లో పిల్లకి జడలు వెయ్యడం ఆయన వంతు, దానికి నూనె రాసి, పాయలు తీసి, మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని అల్లేవాడు, తాడు పేనినట్టు, ఒక్క వెంట్రుక తప్పించుకుంటే ఒట్టు. అల్లడం అయ్యేసరికి పిల్ల కనుబొమలు పైకి లాక్కుపోయి ఎప్పుడూ ఏదో ఆశ్చర్యపోతున్నట్టు ఉండేది. నొప్పిగా ఉందా అంటే లేదు నాన్నా అనేది. సాయంత్రం కూడా ఆ జడలు పొద్దున వేసినట్టే బిగుతుగా ఉండేవి, చూశావా నా పనితనం, అని భార్యకి చూపించేవాడు. ఒకరోజు బాగుచేసిన బస్సుని నడిపి చూడ్డానికి డ్రైవరుతో పాటు వెళుతూ, కిరాణా కొట్టు మలుపు దగ్గర కిటికీలోంచి చూశాడు. పిల్ల గోడవారగా నించుని, సంచి కింద పెట్టి, చిన్న చిన్న వేళ్ళతో జడలు రెండూ వదులు చేసుకుంటోంది. వదులు చేసుకుని, కళ్ళు మూసుకుని, తలని అటూ ఇటూ ఓసారి ఊపింది, ఎవరో తల మీంచి బరువు దింపినట్టు. సాయంత్రం కావాలనే అదే మలుపులో కాసుక్కూర్చున్నాడు. అదే గోడ, అదే పిల్ల, జడలు విప్పి మళ్ళీ గట్టిగా, పళ్ళతో రిబ్బను పట్టుకుని మరీ గట్టిగా అల్లుకుని, ఇంటికి నడిచింది. ఆయన ఆ సాయంత్రం ఏమీ అనలేదు. మర్నాడు వదులుగా వేద్దామని కూర్చున్నాడు కూడా. చేతులు వినలేదు. ఆ వినకపోవడం గురించి ఎవరితోనూ ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు పిల్ల జుట్టు చెవుల దాకా కత్తిరించేసుకుంది, అది కత్తిరించుకొచ్చిన రోజున పెద్ద గొడవ చేశాడు కూడా. ఈ సోదంతా ఇప్పుడెందుకు, ముందు పదహారు సంగతి చూడు.

మళ్ళీ లోపలికి తొంగి చూశాడు. కూలరు. నాలుగు స్క్రూలు. పొద్దున రేకు విప్పినప్పుడే ఒకటి గమనించాడు, పైనున్న స్క్రూ తల మీద కొత్తగా ఒక గీత, పక్కన అల్యూమినియం రేకు మీద ఇంకో గీత. ఎవరిదీ పని? ఆయన చేతిలో స్క్రూడ్రైవరు జారడమనేది జరగలేదు, జరగదు, కంపెనీ వాళ్ళే గీకి అమ్మారేమో, ఈ రోజుల్లో పనివాళ్ళకి పని మీద భయమూ భక్తీ ఏడిశాయా. గీత సంగతి తర్వాత. ఒక వైపు పలకడం లేదంటే ఆ వైపు ఏదో సరిగ్గా కూర్చోలేదు. సరిగ్గా కూర్చోలేదంటే వదులుగా ఉంది. వదులుగా ఉందంటే ఏం చెయ్యాలో ఈ భూమ్మీద ఆయన కంటే బాగా తెలిసినవాడెవడు? మిషను ఆపి, ప్లగ్గు పీకి, స్క్రూడ్రైవరు పిడిని అరచేతిలో ఆనించి, మణికట్టు బిగించి, ఒక్కొక్క మూలా ఇంకో పట్టు. పట్టుకి బోర్డు చిన్నగా కిర్రుమంది. ఆ మూలుగు ఆయనకి తెలుసు, ఇనుము ఒప్పుకున్నప్పుడు చేసే చప్పుడది. ప్లగ్గు పెట్టి ఆన్ చేశాడు. తెర చాలాసేపు నల్లగా ఉంది. ఆ తర్వాత వచ్చింది. ఎనిమిది.

ఎనిమిది! పదహారు కాస్తా ఎనిమిదైంది. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆయన కుర్చీలో వెనక్కి జారిపోయి రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. ఇంకాసేపుంటే సున్నా చూపించి చేతులు దులుపుకునేలా ఉంది. ఛీ, దీనమ్మ కడుపు మాడ, అనేశాడు పైకే. పక్కగదిలోంచి నిద్రగొంతు, "ముట్టుకోవద్దందిగా అది" అంది. ముట్టుకోలేదు, అని గోడకి అబద్ధం చెప్పాడు. గోడ గడియారం నాలుగుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. పిల్ల ఈపాటికి ఆఫీసు మెట్లు దిగుతూ ఉంటుంది. పదహారుంటే కనీసం వీధీ గొడుగులైనా వచ్చేవి, ఎనిమిదితో వీధి కూడా రాదేమో. ఈసారీ తెరిచి చూడకపోతే? మళ్ళీ ఆ కంచం ముందు ఆ తల వంచుకున్న మొహం, ఈసారి దానికి కారణం ఆలస్యం కాదు, వాన కాదు, ఎదురుగా కూర్చుని అన్నం తినమ్మా అనే తండ్రి. ఇక లాభం లేదు. సిగ్గు విడిచి, రేకు మీద అంటించి ఉన్న కంప్యూటరు షాపు నంబరుకి ఫోను చేశాడు. ఒకావిడ ఎత్తింది.

"చెప్పండి."

"అమ్మా, నాలుగు ర్యాములుంటే రెండే చూపించింది. ఇప్పుడు ఒకటే చూపిస్తోంది."

"మార్చి మార్చి పెట్టి చూశారా?"

"అన్నీ చూశాను. రబ్బరుతో కూడా తుడిచాను."

"ఈమధ్య ప్రాసెసరు మీది కూలరు ఎవరైనా తీసి మళ్ళీ బిగించారా?"

"బిగించాం," అన్నాడు, ఆ తప్పుని నలుగురికి పంచుతూ.

"అదేనండీ. అతిగా బిగించుంటారు. ప్రాసెసరు కింద సన్నటి సూదుల్లాంటివి ఉంటాయి, దాన్ని ఒక పక్కకి నొక్కేస్తే ఇంకో పక్కన తాకడం మానేస్తాయి, అటువైపు ర్యాములు కనపడవు." ఆవిడ నవ్వింది. "చిత్రంగా ఉందే, పొద్దున ఒకమ్మాయి కూడా అచ్చం ఇదే గొడవతో వచ్చింది. వాళ్ళ నాన్నగారు బస్సు చక్రాలు బిగించేవారట. దుమ్ము దులిపి, కూలరుకి కూడా బస్సు చక్రం బిగింపు బిగించేశారట. పాపం, విప్పబోతే స్క్రూడ్రైవరు జారి వేలు తెగిందట. పొడుగు పిడి ఉన్నది కావాలని తీసుకెళ్ళింది. ఇక్కడికి తెచ్చెయ్యమ్మా, చిటికెలో చేసిస్తాం అన్నాను. వద్దండీ, ఆయనకి తెలిసిపోతుంది అంది. ఇంట్లో దుమ్మని చెప్పొచ్చిందట."

"ఎందుకట?" ఆయన గొంతు ఆయనకే ఎవరిదోలా వినిపించింది.

"అదే అడిగాను. 'మా నాన్న చేతిపనికి ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేదండీ, నేను చూపించనా' అంది." ఆవిడ వెనక ఎవరితోనో ఏదో చెప్పి మళ్ళీ వచ్చింది. "మీరు మొత్తం తియ్యకండి. ఆపేసి, ప్లగ్గు తీసి, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం వదలండి. మళ్ళీ రెండు వేళ్ళతో తిప్పండి. ఆగిన చోట ఆపెయ్యాలి, అంతే. సూదులు వంగిపోకుండా ఉంటే వచ్చేస్తుంది."

వేలు. పొద్దున టిఫిన్ దగ్గర పిల్ల కుడిచేతి చూపుడు వేలికి ప్లాస్టరు చూసి, ఏమైందమ్మా అన్నాడు. కాగితం కోసుకుంది నాన్నా, అంది, కాఫీ గ్లాసు ఎడమచేత్తో ఎత్తుకుంటూ. కాగితం! ఆయనేమో కాగితాలకి ఈమధ్య పదునెక్కువైందని ఓ హాస్యం కూడా ఆడాడు, పిల్ల నవ్వింది కూడా. స్క్రూ తల మీద గీత, రేకు మీద గీత, ఆ రెండూ పిల్ల వేలి దగ్గరికి దారి తీసే గీతలే, పొద్దున్నుంచీ వాటిని చూస్తూ కంపెనీ వాళ్ళని తిట్టాడు. ఆయన పేపరు చదువుకుంటున్నంతసేపూ పిల్ల తలుపేసుకుని ఈ నాలుగు స్క్రూలతో కుస్తీ పట్టిందన్నమాట, కోసుకున్న వేలిని నోట్లో పెట్టుకుని, అరవకుండా, అరిస్తే ఆయన పరిగెత్తుకొస్తాడని, వస్తే ఎవరి బిగింపో తెలిసిపోతుందని. చెప్పుల్లో ఒక కాలు పెట్టి దుమ్మంది. ఆ దుమ్ము కూడా, పిచ్చిముండ, ఆయన కోసమే పుట్టించింది. కిరాణా కొట్టు మలుపు దగ్గర గోడవారగా నించున్న పిల్ల ఇంకా అక్కడే ఉంది, పెద్దదైంది, జుట్టు కత్తిరించుకుంది, ఉద్యోగం చేస్తోంది, సాయంత్రమయ్యేసరికి మళ్ళీ పళ్ళతో రిబ్బను పట్టుకుని అల్లుకుంటూనే ఉంది. ఆయనకి ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది, పిల్ల మీదనుకున్నాడు, కాదు, మేస్త్రి మీదనుకున్నాడు, ఆ ముసలాయన పోయి ఎన్నో ఏళ్ళైంది, చివరికి ఆ కోపానికి కూర్చోడానికి ఆయన తప్ప వేరే చోటు దొరకలేదు.

ప్లగ్గు పీకాడు. స్క్రూడ్రైవరు పైమూల స్క్రూ మీద పెట్టి ఎడమకి తిప్పాడు. రాలేదు. రాకపోవడమేమిటి, అని మళ్ళీ తిప్పాడు, అది కదలదు, తను పట్టిన పట్టే తనని చూసి పళ్ళికిలిస్తోంది. అరవయ్యేళ్ళ మణికట్టు, నిన్నటిదీ ఇవాళ్టిదీ రెండు పట్లు, పిడి చుట్టూ తువ్వాలు చుట్టి, మోచేత్తో కంప్యూటరు డబ్బాని ఒత్తిపట్టి, ఊపిరి బిగబట్టి తిప్పితే కిర్రున కదిలింది. ఇదా పిల్ల విప్పాలనుకున్నది, ఆ వేళ్ళతో, కీబోర్డు మీద వాన కురిపించే వేళ్ళతో? ఎదురు మూల. ఆ తర్వాత ఇది, ఆ తర్వాత అది. నాలుగూ వదిలేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. బోర్డు మళ్ళీ చిన్నగా చప్పుడు చేసింది, ఈసారి వేరే చప్పుడు, ఒళ్ళు విరుచుకున్నట్టు. ఇప్పుడు బిగించాలి. రెండు వేళ్ళతో. బొటనవేలు, చూపుడు వేలు. తిప్పాడు, తిరిగింది, ఆగింది. ఆగిన చోట ఆపెయ్యాలి. అంత సులువా? వదిలేసిన నట్టులా ఉంది చేతికి, ఏటవాలు రోడ్డు మీద చక్రం దొర్లుతోంది, కిటికీ పక్కన ఆవిడ, ఒడిలో పసిబిడ్డ, ఒక్క పట్టు, అర పట్టు, ఎవరు చూడొచ్చారు. ఇది బస్సు కాదు రా, అన్నాడు ఆయన తనతోనే. బస్సు కాదు, ఇందులో ఎవరూ ఎక్కలేదు, ఇది పిల్ల వాన. స్క్రూడ్రైవరు బల్ల మీద పడేసి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు, బళ్ళో దెబ్బలు తప్పించుకునే పిల్లాడిలా. మిగతా మూడూ అంతే. ఆగిన చోట ఆపాడు. ఆపిన ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్టే ఉంది.

ఆన్ చేశాడు. నలుపు. నలుపు. సూదులు వంగిపోయుంటే ఇక అంతే, అంది షాపావిడ, అనలేదు గాని అన్నట్టే. బయట మెట్ల మీద అడుగుల చప్పుడు, పిల్లవే, రెండేసి మెట్లు ఎక్కే అలవాటు చిన్నప్పటినుంచీ మానలేదు. తెర వెలిగింది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ముందుకు వంగాడు. ముప్పైరెండు. వేలితో తెర మీద ఆ అంకెని తడిమి చూశాడు. ముప్పైరెండే.

తలుపు తాళం తిరిగింది. పిల్ల భుజాన సంచితో గది గుమ్మంలోకొచ్చి ఊడిన రేకునీ, బల్ల మీద తువ్వాలునీ, ఆయన తడిసిన చొక్కానీ చూసింది.

"నాన్నా, ముట్టుకోవద్దన్నానా..." అంటూనే తెర వైపు చూసి ఆగిపోయింది. కాసేపు తెరనీ, ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత మెల్లగా, ఆయన తప్పుకోవడానికి దారి ఒకటి తనే తెరిచి పట్టుకుంటూ, "దుమ్మేనా?" అంది.

ఎంత వీలుగా ఉందో ఆ దారి. ఆఁ, దుమ్మే, అంటే సరిపోతుంది, పిల్ల సంతోషిస్తుంది, రేపట్నుంచి మళ్ళీ మామూలే.

"దుమ్ము కాదమ్మా. నేనే. ఎక్కువ బిగించాను." డిపోలో పనిచేసినన్నాళ్ళూ ఈ మాట ఆయన నోట రాలేదు, దాని రుచి ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. "వేలు చూపించు."

"కాగితం నాన్నా..."

"ఆ కాగితం కోసం కొన్న పొడుగు పిడి స్క్రూడ్రైవరు నీ సంచిలో ఉందిగా, తియ్యి."

పిల్ల నోరు తెరిచి, "షాపావిడకి ఫోన్ చేశావా!" అంది, నవ్వు రాబోయి సగంలో ఆగింది. వంగి కూలరు స్క్రూ మీద వేలు పెట్టి చూసింది, ప్లాస్టరున్న వేలే. స్క్రూ కొంచెం కదిలింది. దాన్ని నమ్మలేనట్టు ఇంకోసారి కదిపి చూసింది. "ఇది నువ్వు పెట్టినట్టే లేదే," అంది. కుర్చీ లాక్కుని కూర్చుని, గడియారం వైపు ఓ చూపు విసిరి, వాన ఉన్న ఫైలు తెరవడం మొదలుపెట్టింది. ఆయన వెనకే నించున్నాడు. పిల్ల మెడ మీద కత్తిరించిన జుట్టు చివర్లు చెమటకి అంటుకుని ఉన్నాయి.

"జడల సంగతి కూడా నాకు తెలుసు," అన్నాడు. "కిరాణా కొట్టు మలుపు దగ్గర."

కీబోర్డు మీద వేళ్ళు ఆగాయి. పిల్ల వెనక్కి తిరగలేదు.

"తెలిసి కూడా మర్నాడు మళ్ళీ అంత గట్టిగా వేసేవాడివేం?"

దీనికి మేస్త్రిని చెప్పొచ్చు, చక్రాన్ని చెప్పొచ్చు, ఒడిలో పసిబిడ్డని చెప్పొచ్చు. అవన్నీ నిజమే, వాటి అడుగున ఉన్న నిజం మాత్రం వేరే ఉంది. "నువ్వు వదులు చేసుకుంటున్నావు కదా," అన్నాడు. "సరిపోతుందిలే అనుకున్నా."

పిల్ల ఎడమచేత్తో మెడ వెనక కత్తిరించిన జుట్టు ఓసారి తడుముకుని, ఒక మీట నొక్కింది. వీధి వచ్చింది. గొడుగులొచ్చాయి. పొద్దున బిగుసుకుపోయిన చోటు వచ్చింది, ఇద్దరూ ఊపిరి తీసుకోలేదు, ఎర్ర గొడుగు మీద ఒక చుక్క పడి చిట్లింది, పక్కన ఇంకొకటి, ఆ తర్వాత లెక్కలేనన్ని. "కురుస్తోంది నాన్నా," అంది పిల్ల, ముక్కు ఎగపీల్చి.

వెనక గుమ్మంలో భార్య, నిద్రకళ్ళతో, పంచదార డబ్బా పొట్టకి ఆనించుకుని నించుంది. "టీ పెడదామంటే ఇది మళ్ళీ బిగించి పెట్టారు. కాస్త విప్పండి." ఆయన డబ్బా అందుకుని విప్పాడు. ఆవిడ చెంచాతో కావలసినంత గ్లాసులో వేసుకుంది, ఆయన మూత పెట్టి తిప్పాడు. తిరిగింది, ఆగింది. చెయ్యి అలవాటు కొద్దీ ఇంకో పట్టు అడిగింది. ఆయన మూత మీంచి చెయ్యి తీసేసి, డబ్బా భార్య చేతికిచ్చి, వాన చూడ్డానికి పిల్ల పక్కన కూర్చున్నాడు.